పాత టూరింగ్ బండి కొనబోయే తమ్ముళ్ళకు

మన సంచికలో ప్రతి ఏడూ పోటీ పరీక్షల మీద, స్కాలర్‌షిప్పుల మీద వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. అవి మాకంటే బాగా రాయగల అన్నలు ఉన్నారు. మేము బండి బేరం గురించి రాస్తామంటే సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు నవ్వారు. కానీ హాస్టలు వదిలి ఉద్యోగంలో చేరిన మనవాళ్ళలో చాలామంది మొదటిసారి పెద్ద మొత్తం జేబులో పెట్టుకుని బయలుదేరేది పాత బండి కొనడానికే. మా ఇళ్ళలో డిగ్రీ చదివింది మేమే మొదలు. బండి కొన్న అనుభవం ఉన్న నాన్నగానీ మేనమామగానీ మాకు లేరు. అందువల్ల తెలుసుకున్నదంతా తిరిగి, అడిగి, ఒకసారి దెబ్బ తగిలాక తెలుసుకున్నదే.

ఆ దెబ్బ మాకు కాదు, మా సీనియర్ అన్నకు తగిలింది. ఆయన ఒక మధ్యవర్తి ద్వారా బండి కొన్నాడు. డబ్బంతా ఇచ్చాడు, సంతకాలు పెట్టిన కాగితాలు రెండు తీసుకున్నాడు, పేరు తరవాత మార్చుకోవచ్చులే అనుకున్నాడు. మూడో నెలలో ఫైనాన్సు వాళ్ళు వచ్చి బస్టాండు దగ్గరే బండి తీసుకుపోయారు. పాత యజమాని ఆర్సీ మీద అప్పు తీసుకున్న సంగతి అన్నకు తెలియదు. కాగితం చూడనందుకు యాభై వేలు పోయాయి. అందులో సగం అక్క పెళ్ళికి దాచినది.

అందుకని నిరుడు మా రూంమేటు బండి కొంటానన్నప్పుడు ముగ్గురం కలిసే వెళ్ళాము. వాడికి రొయ్యల మేత కంపెనీలో ఫీల్డు ఉద్యోగం. ఒకరోజు కర్లపాలెం నుంచి నిజాంపట్నం, రేపల్లె వైపు చెరువులు, మరో రోజు బాపట్ల, చీరాల వైపు. నెల తిరిగేసరికి మూడు వేల కిలోమీటర్లు. వాళ్ళ నాన్న పాత వంద సీసీ బండి మీద నీళ్ళ పరీక్ష పెట్టె, మేత శాంపిళ్ళ సంచి కట్టుకుని తిరిగి తిరిగి నడుం పట్టేసింది. మేము నూటపాతిక సీసీ బండి ఏదైనా తీసుకోమన్నాము. వాడికి మాత్రం థండర్‌బర్డ్ కావాలి. పదో తరగతిలో ట్రంకు పెట్టె మూత లోపల ఆ బండి బొమ్మ అంటించుకున్న సంగతి అప్పటి మన బ్యాచ్ అందరికీ గుర్తే. వాడి దగ్గర ఉన్నది మొత్తం 75,000. అందులో 40,000 వాళ్ళమ్మ డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు. రిపేర్లతో సహా ఆ డబ్బులోనే అయిపోవాలి.

తెలియని తమ్ముళ్ళ కోసం ఒక మాట. టూరింగ్ బండి అంటే దూర ప్రయాణానికి అనువుగా చేసినది. హ్యాండిల్ ఎత్తుగా, సీటు వెడల్పుగా, ట్యాంకు పెద్దదిగా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు థండర్‌బర్డ్ పేరుతో మొదటి బండి 2002లో తెచ్చారు. 2012లో కొత్త రూపం ఇచ్చారు. మేము చూసినది ఆ రకం: 346 సీసీ ఇంజను, 20 లీటర్ల ట్యాంకు, బరువు రెండు వందల కిలోలకు కాస్త తక్కువ. 2020లో దాన్ని ఆపేసి మీటియర్ 350 తెచ్చారు. ఆపేసిన బండి కాబట్టి పాతవే దొరుకుతాయి. మెకానిక్కులకు బాగా అలవాటైన ఇంజను కావడం ఒక మేలు.

బాపట్లలో ఒక మాష్టారి బండి ఉందని తెలిసింది. 2017 మోడలు, 41,000 కిలోమీటర్లు తిరిగింది, ధర 78,000. వెళ్ళేముందు రెండు పనులు చేశాము. మొదటిది, అదే మోడలు, అదే సంవత్సరం బండ్లు ఇంకెక్కడ ఎంతకు చెబుతున్నారో నాలుగైదు చోట్ల అడిగి రాసుకున్నాము. చెప్పిన ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. రెండోది, బండి నంబరు అడిగి ఎంపరివాహన్‌లో చూశాము. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్సు గడువు, ఫైనాన్సు ఉందా లేదా అన్నీ అందులో తెలుస్తాయి. ఫైనాన్సు ఉన్నట్టే చూపించింది, ఇన్సూరెన్సు గడువు దాటింది. చలానాలు వేరుగా చూసుకోవాలి. మామూలుగా సొంత బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు, కాబట్టి 2017 బండికి 2032 దాకా ఉంటుంది. ఆ తరవాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకు పొడిగించుకోవాలి. ఇంకెన్నేళ్ళు మిగిలి ఉంది అన్నది కూడా ధరలో భాగమే. నంబరు టీఎస్ లేక టీజీతో మొదలైతే తెలంగాణ నుంచి ఎన్వోసీ తేవాలి, ఇక్కడ మళ్ళీ టాక్సు కట్టాల్సి రావచ్చు. ఆ బండి చవకగా వస్తుంటే కారణం అదే అయి ఉంటుంది.

సాయంత్రం వెళ్ళేసరికి మాష్టారు మర్యాదగా టీ ఇప్పించారు. ఇంజను మీద చెయ్యి పెడితే కాలింది. అంటే మేము రాకముందే స్టార్టు చేసి ఉంచారు. మోసం అనలేము, బజారుకు వెళ్ళొచ్చి ఉండవచ్చు. కానీ వేడిగా ఉన్న ఇంజను తన జబ్బులు చెప్పదు. "మాష్టారూ, రేపు పొద్దున ఆరింటికి వస్తాము, అప్పటిదాకా స్టార్టు చెయ్యకండి" అని చెప్పి వచ్చేశాము. దీపం వెలుతురులో బండి చూడకూడదని కర్లపాలెంలో మాకు తెలిసిన మెకానిక్ బాబాయ్ ముందే చెప్పాడు.

పొద్దున్నే బాబాయ్‌ని కూడా ఎక్కించుకుని వెళ్ళాము. ఇంజను చల్లగా ఉంది. సెల్ఫ్ నొక్కితే మూలిగి ఆగిపోయింది, కిక్‌తో స్టార్టయింది. బ్యాటరీ అయిపోయిందన్నమాట. సైలెన్సరు వెనక తెల్ల గుడ్డ పట్టి పొగ చూశాము. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం, ఆ బండి జోలికి పోవద్దు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, అది కార్బురేటరు దగ్గర సర్దుకునే సంగతి. ఈ బండికి రెండూ లేవు.

మన ప్రాంతంలో ఇంకో పరీక్ష తప్పనిసరి. ఉప్పుగాలికి, రొయ్యల చెరువుల ఉప్పునీటికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. మడ్‌గార్డుల లోపల, సైలెన్సరు అడుగున, చక్రాల పుల్లల దగ్గర వేలితో గీకి చూడాలి. పైన వేసిన కొత్త పెయింటు చూసి మురిసిపోకూడదు. అంతకంటే ముఖ్యం, నీళ్ళలో మునిగిన బండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో టీవీలో అందరమూ చూశాము. అలాంటివి కడిగి, తుడిచి అమ్మకానికి రావడంలో వింత లేదు. సీటు తీసి వైర్ల జాయింట్లు చూడండి, పచ్చగా చిలుము పట్టి ఉంటే అనుమానించండి. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎండిన ఒండ్రు గీత ఉంటే ఇంకేమీ చూడనక్కర్లేదు. ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా అంతే. మాష్టారి బండి ఈ పరీక్ష నెగ్గింది.

మీటరు మీద ఉన్న కిలోమీటర్లను మాత్రం నమ్మకండి. ఫుట్‌రెస్టు రబ్బర్లు, బ్రేకు పెడలు, సీటు అంచు చూడండి. పదిహేను వేలు అని చెప్పి రబ్బర్లు నున్నగా అరిగి ఉంటే ఎవరో మీటరు తిప్పారు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో ఒక్కొక్క అక్షరం సరిచూసుకోవాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. మాష్టారి బండి వెనక టైరుకు గాడులు ఉన్నాయిగానీ రబ్బరు పగుళ్ళు వేసింది. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్ళతో తిప్పితే నడిమధ్యన టక్కున ఆగింది. కోన్ సెట్టు పోయింది. ముందు ఫోర్కుల మీద ఆయిలు మరకలు, అంటే సీళ్ళు పోయాయి. చైను వెనక పళ్ళచక్రం దగ్గర లాగితే అరంగుళం పైకి లేచింది.

ఇక నడిపి చూడటం. లైసెన్సు ఉన్నవాడే నడపాలి, హెల్మెట్టు మనమే తీసుకెళ్ళాలి. ఇన్సూరెన్సు లేని బండిని రోడ్డెక్కించడం నేరం. ముందు రోజే ఆ సంగతి చెబితే మాష్టారు పేచీ పెట్టకుండా థర్డ్ పార్టీ పాలసీ కట్టారు, అయిన 1,600 ధరలో చూసుకుందామన్నారు. మాలో ఒకడు జామీనుగా వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో రెండు వీధులు తిప్పి బాగుందనుకుంటే పొరపాటు. రోజంతా నడపాల్సిన బండిని అరగంటైనా నడపాలి. సూర్యలంక రోడ్డు పట్టుకుని సముద్రం దాకా వెళ్ళాము. మూడో గేరులో ఒక్కసారిగా యాక్సిలరేటరు ఇస్తే శబ్దం పెరిగినంతగా వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అరిగినట్టు. ఇది బాగానే లాగింది. వేగం అరవై దగ్గర అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో చూసుకున్నాము. వెనక ఒకరిని ఎక్కించుకుని మళ్ళీ చూశాము, ఎందుకంటే వాడికి ఎప్పుడూ వెనక బరువు ఉంటుంది. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా నొక్కి చూడాలి. 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. ఈ బండికి అది లేదు, రోడ్డు మీద ఇసుక ఉన్నచోట గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది. సముద్రం దగ్గర పది నిమిషాలు ఆపి, వేడి మీద మళ్ళీ స్టార్టు చేశాము. కొన్ని బండ్లు చల్లగా ఉన్నప్పుడు పలికి, వేడెక్కాక మొండికేస్తాయి. మావాడు బండి దిగకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. బాబాయ్ వాడి చెవిలో, "ఒరే, ఆ మొహం మాష్టారికి చూపించకు, ఐదు వేలు పోతాయి" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో బాబాయ్ లెక్క చెబితే కాగితం మీద రాశాము. వెనక టైరు 3,400, చైన్ స్ప్రాకెట్ 3,100, కోన్ సెట్టు 1,700, ఫోర్కు సీళ్ళు 1,000, బ్యాటరీ 2,000. మాష్టారు కట్టిన ఇన్సూరెన్సు 1,600తో కలిపి 12,800.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. బేరం ఆడటం మాకు సిగ్గు. హాస్టల్లో కంచం పట్టుకుని వరసలో నిలబడి, పెట్టింది తినడం అలవాటైనవాళ్ళం. ఇచ్చిన సైజు యూనిఫాం బిగుతైనా వేసుకున్నాము. ఎదుటివాడు ధర చెబితే, తగ్గించమంటే మనది లేని బతుకని తెలిసిపోతుందేమో అనిపిస్తుంది. పైగా ఎదురుగా ఉన్నది మాష్టారు. ఆ రోజు మాకు ధైర్యం ఇచ్చింది ఆ కాగితమే. అడుక్కుంటున్నట్టు లేదు, లెక్క చూపిస్తున్నట్టు ఉంది.

"మాష్టారూ, బండి బాగాలేదని చెప్పడానికి రాలేదు. మీ దగ్గర కొన్నాక మెకానిక్ దగ్గర పెట్టాల్సిన ఖర్చు ఇది. మేము 58,000 ఇవ్వగలం" అన్నాము. ఆయన కాగితం చదివి, "పాత బండన్నాక ఇవన్నీ ఉండవా బాబూ?" అన్నారు. "ఉంటాయండీ. అందుకే పాత బండి ధర అడుగుతున్నాము" అన్నాము. ఆయన 74,000 అన్నారు. మేము మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటం చాలా కష్టమైన పని. కాసేపటికి 70,000కు వచ్చి అక్కడ ఆగిపోయారు. లేచి దండం పెట్టి వచ్చేశాము. గేటు దాటేలోపు వెనక్కి పిలుస్తారని అనుకున్నాము, పిలవలేదు. బస్సులో మావాడు మాతో మాట్లాడలేదు. మరుసటి రోజు రాత్రి ఆయనే ఫోన్ చేశారు. 65,000 అన్నారు, మేము 62,000 అన్నాము, 63,500 దగ్గర కుదిరింది. ఇన్సూరెన్సుతో, రిపేర్లతో 76,300. అనుకున్నదానికంటే 1,300 ఎక్కువైంది. అది మిగతా ఇద్దరం పంచుకున్నాము.

డబ్బు ఇచ్చే పద్ధతి అసలు ముఖ్యం. ఆర్సీ మీద మాష్టారికి ఇంకా 21,000 బాకీ ఉంది. "మీరిస్తే కట్టేస్తాను" అన్నారు. సీనియర్ అన్న సంగతి గుర్తొచ్చి, మేమూ ఆయనతో ఫైనాన్సు ఆఫీసుకు వెళ్ళి ఆ మొత్తం అక్కడే కట్టించి రసీదు తీసుకున్నాము. వాళ్ళ దగ్గర ఎన్వోసీ, ఫారం 35 వచ్చాకే అప్పు తీరినట్టు ఆర్సీలో మారుతుంది. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినాయన పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు ముప్పై రోజుల్లో. ఇన్సూరెన్సు పాలసీని కూడా కొన్నవాడు తన పేరుకు పద్నాలుగు రోజుల్లో మార్చుకోవాలి. మేము ఐదు వేలు ఆపి, పేరు మారిన రోజు ఇస్తామన్నాము. మాష్టారు కొంచెం నొచ్చుకున్నారు. అప్పుడు మేము 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో చెప్పిన తీర్పు గురించి వివరించాము. బండి చేతులు మారి ఎవరి దగ్గర ఉన్నా, రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్ళదే. "అయితే రేపే పెట్టించండి బాబూ" అని ఆయనే తొందరపెట్టారు.

పేరు మారినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చిన రోజు మావాడు పెరలి దగ్గర చెరువు గట్టు మీద ఉన్నాడు. ఐదు వేలూ ఆ సాయంత్రమే మాష్టారికి ఇచ్చి వచ్చాము. డ్వాక్రా వాయిదా ప్రతి నెలా వాడే కడుతున్నాడు, ఇంకా పద్నాలుగు మిగిలాయి. బండి లీటరుకు ముప్పై అయిదు ఇస్తోంది, నడుం నొప్పి తగ్గింది. సెల్ఫ్ మళ్ళీ అప్పుడప్పుడు మొరాయిస్తోంది. స్ప్రాగ్ క్లచ్ చూడాలంటున్నాడు బాబాయ్, అది మా కాగితంలో లేని ఖర్చు. మీలో ఎవరైనా బండి చూడటానికి వెళ్తుంటే ఒకరోజు ముందు కబురు పెట్టండి. ఆదివారమైతే ముగ్గురమూ వస్తాము. హెల్మెట్టు, తెల్ల గుడ్డ మేమే తెస్తాము, పెట్రోలు మాత్రం మీదే.