వేటకు హద్దు, వేటగానికి ఊరు: గుమ్మఘట్ట నేపథ్యంలో వేట పరిమితుల పరిశీలన

వ్యాససంగ్రహం

వేటను నియంత్రించే ప్రతి నియమంలోనూ రెండు ప్రశ్నలుంటాయి. ఎన్ని జంతువులను వేటాడవచ్చు? ఎవరు వేటాడవచ్చు? అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎల్క్ వేటకు అమలవుతున్న ట్యాగుల పద్ధతి ఈ రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతుంది. మన దేశంలో 1991 తరువాత మొదటి ప్రశ్నకు నిషేధమే జవాబైంది. దానితో రెండో ప్రశ్న చర్చకు రావడమే మానేసింది. అయితే ఆ ప్రశ్న సమసిపోలేదు. నన్నయ భారతంలోని కిందముని వృత్తాంతం, రాయదుర్గం ప్రాంతపు బోయల వేటజీవనం, వన్యప్రాణి చట్టాల పరిణామం ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: వేట, వేట ఒత్తిడి, ట్యాగు, స్థానికుడు, బోయలు, కిందముడు, గుమ్మఘట్ట, వన్యప్రాణి సంరక్షణ చట్టం.

1. ప్రవేశిక

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని గుమ్మఘట్ట మండలం ఉంది. వేదవతి నదిపై కట్టిన భైరవానితిప్ప ప్రాజెక్టు ఈ మండలంలోనిదే. ఈ నదినే స్థానికంగా హగరి అంటారు. ప్రాజెక్టు ఉన్నా ఇక్కడి సేద్యంలో అధికభాగం వానను నమ్ముకున్నదే. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. రాతిగుట్టలు, ముళ్ళపొదలు, వాటి మధ్య వేరుశనగ చేలు ఈ సీమ స్వరూపం. గుట్టల్లో ఎలుగుబంట్లు, పొదల్లో అడవిపందులు, జిల్లా మైదానాల్లో కృష్ణజింకలు ఉన్నాయి. కాయ ఊరే రోజుల్లో రాత్రికాపలా కూడా ఇక్కడి రైతుకు సేద్యపు పనే.

ఒకప్పుడు ఈ సీమలో వేట కొన్ని కుటుంబాలకు బతుకుతెరువు. నేడు అది శిక్షార్హమైన నేరం. ఈ రెండు స్థితుల మధ్య ఏం జరిగిందో తెలియాలంటే, వేటను నిషేధించకుండా లెక్కకట్టి అనుమతించే పద్ధతి ఒకదాన్ని ముందుగా చూడడం ఉపకరిస్తుంది.

2. వేట ఒత్తిడి, ట్యాగు: అమెరికా పద్ధతి

ఎల్క్ మన కణుజు కుటుంబానికే చెందిన పెద్ద కొమ్ముల జంతువు. మోంటానా, వయోమింగ్ వంటి రాష్ట్రాల్లో దాన్ని వేటాడాలంటే లైసెన్సుతోపాటు ట్యాగు ఉండాలి. ట్యాగు అంటే కూల్చిన జంతువు కళేబరానికి తగిలించవలసిన చీటీ. ఒక చీటీకి ఒక్క జంతువు. ఏ ప్రాంతంలో, ఏ రోజుల్లో, మగదాన్నా ఆడదాన్నా అన్నది కూడా ఆ అనుమతిలోనే నిర్ణయమై ఉంటుంది.

ఒక ప్రాంతంలో ఎందరు వేటగాళ్ళు, ఎన్ని రోజులు తిరుగుతున్నారన్నదాన్ని బట్టి అక్కడి జంతువులపై పడే భారమే వేట ఒత్తిడి. దీన్ని చచ్చిన జంతువుల సంఖ్యతో మాత్రమే కొలవలేం. ఒత్తిడి పెరిగితే బతికిన మందలు దారులకు దూరంగా, వేటకు అనుమతి లేని సొంత భూముల్లోకి తరలిపోతాయి. కొమ్ములున్న మగవే ఎక్కువగా కూలితే మందలో ఆడ, మగ నిష్పత్తి మారుతుంది. అందుకే వేటశాఖలు మందలను లెక్కించి, దాన్ని బట్టి ట్యాగుల సంఖ్యను నిర్ణయిస్తాయి.

ఇక్కడివరకు ఇది లెక్క. ఆ చీటీలను ఎవరికి పంచాలన్నప్పుడు మాత్రం వివాదం మొదలవుతుంది. వయోమింగ్ తన పరిమిత ఎల్క్ లైసెన్సుల్లో 16 శాతాన్ని బయటి రాష్ట్రాలవారికి కేటాయిస్తుంది. మోంటానాలో 1976లో ఎల్క్ లైసెన్సుకు స్థానికుడు 9 డాలర్లు కడితే చాలు. బయటివాడు మాత్రం ఎల్క్‌తోపాటు ఇతర జంతువులూ కలిసిన లైసెన్సును 225 డాలర్లకు కొనవలసి వచ్చేది. ఈ వ్యత్యాసం అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. బాల్డ్విన్ కేసుగా పేరుపొందిన ఆ వివాదంలో 1978లో కోర్టు రాష్ట్రాన్నే సమర్థించింది. ఎల్క్ వేట వినోదమే కాని జీవనోపాధి కాదు కనుక, బయటివారికి అందులో సమానహక్కు తప్పనిసరి కాదన్నది ఆ తీర్పు సారం.

దీని పక్కన 1948 నాటి టూమర్ కేసును ఉంచి చూడాలి. దక్షిణ కరొలైనా తీరంలో రొయ్యలు పట్టే పడవకు స్థానికుల నుంచి 25 డాలర్లు, బయటివారి నుంచి 2,500 డాలర్లు వసూలు చేయాలన్న నియమాన్ని అదే కోర్టు కొట్టివేసింది. రొయ్యల వేట బతుకుతెరువు కావడం అక్కడ ప్రధానాంశం. అంటే ఎవరు స్థానికుడన్న ప్రశ్న వెనుక, ఆ వేట వినోదమా జీవనమా అన్న మరో ప్రశ్న ఉంది. తెలుగు సాహిత్యానికి ఈ భేదం కొత్తది కాదు.

3. నన్నయ భారతంలో వేట హద్దు

మన కావ్యాల్లో వేట రెండు రకాలుగా కనిపిస్తుంది. మనుచరిత్రలో స్వరోచి వేట రాజవినోదం. శ్రీకాళహస్తిమాహాత్మ్యంలో తిన్నని వేట కులవృత్తి. తిన్నని ఊరైన ఉడుమూరు పొత్తపినాటిలోనిదని ధూర్జటి చెప్పాడు. అది రాయలసీమ నేలే. రాజు అడవికి అతిథి, తిన్నడు అడవి బిడ్డ.

ఈ రెండు వేటలనూ ఎదురెదురుగా నిలిపిన ఘట్టం ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలో ఉంది. పాండురాజు వేటకు వెళ్ళి, సంగమంలో ఉన్న జింకల జంటను బాణాలతో కొడతాడు. మగజింక రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. అతడు ప్రాణం విడిచేముందు రాజును నిలదీస్తాడు. మృగాలను చంపడం రాజులకు ధర్మమేనని పాండురాజు సమర్థించుకుంటాడు. కిందముడు వేటనే తప్పుపట్టడు. వేటకున్న హద్దును రాజు దాటాడంటాడు. పరుగెత్తలేని స్థితిలో, ఈనే సమయంలో, సంగమంలో, రోగంతో ఉన్న మృగాలను ఆకలితో అలమటించే ఎఱుకులు సైతం కొట్టరన్నది నన్నయ ఆ ముని నోట పలికించిన మాట.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ నాలుగు నిషేధాల్లో రెండు ఆధునిక చట్టాల్లోని వేటవిరామ కాలానికి దగ్గరగా ఉన్నాయి. సంతానవృద్ధి జరిగే వేళ వేట ఆగాలి. రెండవది, ఈ హద్దుకు ప్రమాణంగా నన్నయ నిలిపింది శాస్త్రాన్ని కాదు, ఎఱుకుల ఆచారాన్ని. బయటినుంచి వినోదం కోసం వచ్చిన రాజుకు, ఆకలి కోసం వేటాడే స్థానికుని నడవడి పాఠమైంది. రేపు కూడా అదే అడవిలో బతకవలసినవాడికి హద్దు పాటించడం అవసరం కూడా.

4. రాయదుర్గం సీమ వేటజీవులు

గుమ్మఘట్ట ఒకప్పటి రాయదుర్గం తాలూకాలోని భాగం. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ తాలూకా బళ్ళారి జిల్లా నుంచి అనంతపురానికి మారింది. రాయదుర్గం కొండ తొలుత బోయల స్థావరమని, వారిని అదుపుచేయడానికి విజయనగర ప్రభువులు భూపతిరాయలనే అధికారిని పంపారని, అతని పేరుమీదనే అది భూపతిరాయకొండ అయిందని బళ్ళారి గెజిటీరు నమోదు చేసింది.

1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం బోయల్లో రెండు శాఖలను పేర్కొంటుంది: ఊరుబోయలు, మ్యాసబోయలు. మ్యాస అంటే గడ్డిబీడు. ఊరుబోయలు గ్రామంలో కుదురుకున్నవారు. మ్యాసబోయలు బీళ్ళనూ వేటనూ నమ్ముకున్నవారు. నివాసాన్నిబట్టి, వృత్తినిబట్టి ఏర్పడిన ఈ విభజన మన చర్చకు ముఖ్యం. ఇక్కడ స్థానికత అంటే చిరునామా ఒక్కటే కాదు, బీడుతో ఉన్న జీవనసంబంధం కూడా. ఆ బీడు సాగుభూమిగా మారేకొద్దీ మ్యాస అన్న మాటకు ఆధారమైన నేలే కుంచించుకుపోయింది.

వేటగానికున్న ఈ నేలహక్కును కర్మకాండ రూపంలో గుర్తించిన ఆచారం పారువేట. అహోబిలంలో సంక్రాంతి వెళ్ళగానే నరసింహస్వామి పల్లకి చుట్టుపక్కల ఊళ్ళకు బయలుదేరి సుమారు నలభై రోజులు తిరుగుతుంది. పేరుకు అది వేట. చెంచులు పల్లకివైపు బాణం వేయడం అందులో భాగం. దేవుడు సైతం చెంచుల అడవికి అల్లుడిగానే వెళ్తాడు.

5. లైసెన్సు నుంచి నిషేధం దాకా

వలసపాలన ఈ సంబంధాన్ని కాగితంలోకి మార్చింది. మద్రాసు రాష్ట్రంలో 1879 నాటి నీలగిరి వేట, చేపల సంరక్షణ చట్టం వేటకు లైసెన్సును, విరామకాలాన్ని ప్రవేశపెట్టింది. విరామకాలం ఎఱుకులకు తెలియనిదేమీ కాదు. కొత్తగా వచ్చింది లైసెన్సే. రుసుము కట్టి తుపాకి పట్టినవాడు వేటగాడయ్యాడు. ఇటువంటి ఏర్పాటులో ఉచ్చు పన్నేవాడు దొంగవేటగాడు కాక తప్పదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తొలిరూపంలో వేటను పూర్తిగా నిషేధించలేదు. ప్రత్యేక జంతువులు, పెద్ద జంతువులు, చిన్న జంతువులు అని విభజించి వేరువేరు లైసెన్సులను ఏర్పరచింది. పిల్లలను, ఆడ జంతువులను వేటాడరాదంది. 1991 సవరణ ఈ లైసెన్సు వ్యవస్థను తొలగించి, వేటను నిషేధించింది. వేటతోపాటు బీళ్ళ తరుగుదలతోనూ క్షీణిస్తున్న కృష్ణజింక వంటి జాతులకు ఇది రక్షణ అయింది. ఆ మేలును తక్కువచేసి చూడకూడదు.

అయితే స్థానికుని ప్రశ్న ఏమైంది? 1972 చట్టంలోని 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేటహక్కును కాపాడింది. ఇతర ప్రాంతాల వేటజీవులకు అటువంటి మినహాయింపు లేదు. 2006 అటవీహక్కుల చట్టం అడవిపై సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేటాడే హక్కును స్పష్టంగా మినహాయించింది.

6. నేటి స్థితి

నిషేధానికి చట్టం రెండు సందులు మిగిల్చింది. 11వ సెక్షన్ కింద, ఆస్తికి లేదా నిలిచిన పంటకు హాని చేసే రెండో షెడ్యూలు జంతువును వేటాడేందుకు అధీకృత అధికారి అనుమతించవచ్చు. అడవిపంది నేడు ఈ షెడ్యూలులోనే ఉంది. మొదటి షెడ్యూలులోని కృష్ణజింకకు పంటనష్టం కారణంగా ఈ అనుమతి వర్తించదు. దాన్ని వేటాడితే కనీసం 3 ఏళ్ళ జైలు. రెండో సందు 62వ సెక్షన్. దాని కింద మొదటి షెడ్యూలు కాని జంతువును, నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలానికి హానికర జంతువుగా కేంద్రం ప్రకటించవచ్చు.

ఈ రెండో సందు ఎలా పనిచేస్తుందో 2016లో బీహారులో కనిపించింది. అక్కడి కొన్ని జిల్లాల్లో నీల్గాయిలను హానికర జంతువులుగా 2015 డిసెంబరులో ప్రకటించారు. మరుసటి జూన్‌లో మొకామా ప్రాంతంలో 200కు పైగా నీల్గాయిలను కాల్చారు. కాల్చినవారు హైదరాబాదు నుంచి పిలిపించిన తుపాకి నిపుణులు. పంట పోగొట్టుకున్నది మొకామా రైతు. తుపాకి పట్టినది పరాయి రాష్ట్రపు వేటగాడు. అమెరికాలో ఫీజులతో, శాతాలతో తేల్చే స్థానిక, స్థానికేతర భేదం ఇక్కడ ఏ చర్చా లేకుండానే తేలిపోయింది.

గుమ్మఘట్ట రైతుకు మిగిలేవి చేను చుట్టూ కట్టిన పాత చీరలు, డబ్బాచప్పుడు, రాత్రికాపలా, నష్టపరిహారపు దరఖాస్తు. వీటితో విసిగి చేను చుట్టూ కరెంటు తీగ పెడితే అది పందిని, ఎలుగును, మనిషిని వేరుచేసి చూడదు. దానికి విరామకాలం లేదు, ఆడ మగ భేదం లేదు. కిందముడు చెప్పిన ఏ హద్దూ దానికి తెలియదు. స్థానికుని వేట నేర్పు కనుమరుగైన చోట ఈ తీగ వచ్చి చేరడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. ఒకటి, వేట పరిమితి ఎప్పుడూ జంతువుల లెక్క మాత్రమే కాదు, మనుషుల మధ్య వాటా కూడా. రెండు, వినోదవేటకూ జీవనవేటకూ ఉన్న తేడాను అమెరికా తీర్పులు గుర్తించాయి. ఆ తేడాను నన్నయ వెయ్యేళ్ళ కిందటే ఎఱుకుల మాటగా నమోదు చేశాడు. మూడు, మన చట్టం లైసెన్సు దశలోనూ, నిషేధ దశలోనూ నికోబార్ వంటి చోట్ల తప్ప ఆ తేడాను పట్టించుకోలేదు.

వేటను తిరిగి తెరవాలని ఈ వ్యాసం కోరడం లేదు. మందలను లెక్కించకుండా ట్యాగులు పంచడం అసాధ్యం. తెరిచిన వేట మళ్ళీ డబ్బున్నవాడి చేతికే పోయే ప్రమాదమూ ఉంది. అయితే నిషేధపు భారాన్ని మోస్తున్న స్థానికునికి జంతువుల గణనలోనూ, పంటనష్టపు నిర్ణయంలోనూ, అనుమతులిచ్చే వేళ సంప్రదింపులోనూ స్థానం ఉండాలి. బోయల, ఎఱుకుల, చెంచుల వేటమాటలను, ఆచారాలను నేరచరిత్రగా కాక హద్దుల జ్ఞానంగా సేకరించడం తెలుగు పరిశోధకుల వంతు. ఆ మాటలు తెలిసిన తరం ఇంకా ఈ బీళ్ళ అంచునే ఉంది.