బ్యాటరీ జరిగింది – పడవ కుదిరింది

హైటెక్ సిటీ పక్కనున్న దుర్గం చెరువులో చిన్న పడవ ఎక్కితే, "అందరూ ఒకవైపే కూర్చోకండి" అంటారు పడవ నడిపేవారు. ఎందుకో ఆలోచించారా?

చిన్న చేపల పడవనే తీసుకోండి. ఇంజను వెనకే, నడిపే మనిషీ వెనకే. 25 కిలోల బ్యాటరీని కూడా అక్కడే పెడితే? వెనకభాగం నీటిలోకి దిగుతుంది, ముందుభాగం పైకి లేస్తుంది. చిన్న అల వచ్చినా వెనక అంచు మీదుగా నీళ్లు లోపలికి వస్తాయి.

ఇప్పుడు బ్యాటరీని 2 మీటర్లు ముందుకు జరుపుదాం. పడవ మొత్తం బరువు మారలేదు. కాని దాని గరిమనాభి ముందుకు వచ్చింది. బరువును జరిగిన దూరంతో గుణించండి: 25 × 2 = 50. అంటే 50 కిలోల మనిషి 1 మీటరు ముందుకు జరిగి కూర్చున్నంత ఫలితం!

బ్యాటరీని పడవ అడుగున, కుడి ఎడమలకు సరిగ్గా మధ్యన పెట్టి, కదలకుండా కట్టాలి. పడవ ఒరిగినప్పుడు బ్యాటరీ కూడా అటే జారితే ఆ ఒరుగుడు మరింత పెరుగుతుంది. సీసపు బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కనుక అక్కడ గాలి ఆడాలి.

ఒరుగుడు ఎంత ప్రమాదమో మన నగరానికి తెలుసు. 1990 మార్చిలో హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహాన్ని మోసుకుపోతున్న బల్లకట్టు ఒరిగింది. విగ్రహం మునిగింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. 1992లో గాని విగ్రహాన్ని పైకి తీయలేకపోయారు.

మీరూ చేసి చూడండి. బకెట్టు నీళ్లలో తేలికపాటి డబ్బా మూతను తేలనివ్వండి. రూపాయి బిళ్లను ముందు మధ్యన, తర్వాత అంచున పెట్టండి. బిళ్ల బరువు అదే. మరి మూత ఎందుకు ఒరిగిందో మీ తమ్ముడికో చెల్లెలికో మీరే వివరించండి!