మామ కొర్రల మిల్లు ఎందుకు ఆగింది?

మాది ధర్మవరం దగ్గర పల్లె. మా మామ అప్పు చేసి కొర్రల మిల్లు పెట్టినాడు. నాలుగు నెలలకే ఆగిపోయింది. సెలవులకు పోతే, "ఇంజనీరింగ్ సదువుతాండావు గదా, చూడు రా" అన్నాడు. మెకానికల్ మూడో సంవత్సరం నేను. బేరింగ్ పోయిందని చెప్పగలిగాను. ఎందుకు పోయిందో చెప్పలేకపోయాను. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నా.

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేళకు రాదు. వేరుశనగతో దెబ్బ తిన్న నేలల్లో కొర్ర, సామ, అరిక తక్కువ నీటితోనే పండుతాయి. చిక్కల్లా పొట్టు దగ్గరే. వరికి ఉన్నన్ని మిల్లులు వీటికి లేవు. రైతు గింజలుగానే అమ్మేస్తే, బియ్యం చేసిన లాభం ఊరు దాటిపోతుంది. చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది. దాని అండతో 2008లో ఏర్పడిన ధరణి రైతుల సహకార సంఘం సభ్యుల పంటను కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. మామకు ఆశ పుట్టింది అది చూసే.

మిల్లును బాగు చేసింది ఐటీఐలో రెండేళ్లు ఫిట్టర్ చదివిన అబ్బాయి. మిషన్ ముట్టుకోకముందే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికినాడు. "పచ్చిగుండాయి అన్నా, ముందు ఎండబెట్టల్ల" అన్నాడు.

సంగతి ఇదీ. లోపల గిర్రున తిరిగే చక్రం గింజను గోడకేసి కొడుతుంది, ఆ దెబ్బకు పొట్టు ఊడుతుంది. గింజలో తేమ ఎక్కువుంటే ఊడదు. ఊడలేదని మామ స్పీడు పెంచుకుంటూ పోయినాడు. బియ్యం నూకలైంది, కొన్నోళ్లు వాపసు పంపినారు, అదురుకు బేరింగ్ అరిగింది. మరీ ఎండినా నూకే. అరికకైతే పొట్టు గట్టి, ఒక్కసారి ఆడిస్తే చాలదు.

ఇంకో మాటా చెప్పినాడు. పొట్టు తీసిన కొర్రబియ్యంలో తవుడు నూనె ఉంటుంది కాబట్టి తొందరగా ముక్కవాసన వస్తుంది. గింజలుగా దాచుకుని, ఆర్డరు వచ్చినప్పుడే ఆడించాలి. నా దృష్టిలో ఇది రిపేరు కన్నా పెద్ద విద్య. మిషన్ అమ్మినవాడు మామకు స్విచ్ వేయడం మాత్రమే నేర్పినాడు! హైదరాబాదులోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఇలాంటి చిన్న మిల్లులు పెట్టేవాళ్లకు శిక్షణ ఇస్తుందని మాకు తర్వాతే తెలిసింది.

మిల్లు మళ్లీ తిరుగుతోంది, అప్పు ఇంకా ఉంది. ఈ వేసవి నా ఇంటర్న్‌షిప్ అక్కడే. ప్రస్తుతానికి కొర్రకు ఏ జల్లెడ, సామకు ఏ జల్లెడ అన్న దగ్గరే ఉన్నాను.