బాణం చేరేలోపు

రాయపూర్ దగ్గర చందఖురిలో చెరువు నడుమ కౌసల్యకు గుడి ఉంది. ఆమె పుట్టిల్లు ఇదేనని, ఈ నేలే ఒకప్పటి దక్షిణ కోసలమని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ గుడి తలపుకొస్తే నాకు ఆమె భర్త వదిలిన బాణం కూడా గుర్తొస్తుంది. సరయూ ఒడ్డున, చీకట్లో, కుండ మునిగిన చప్పుడు విని ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు దశరథుడు. శబ్దభేది బాణం గురి తప్పలేదు. వెళ్లి మునికుమారుడికి తగిలింది. అంతటి విలుకాడికి కూడా ఆ రాత్రి వదలకూడని బాణం ఒకటి ఉంది.

ఏ బాణం వదలొచ్చు, ఏది వదలకూడదు అన్న ప్రశ్న అమెరికా పడమటి కొండల్లో ఎల్క్‌ను విల్లుతో వేటాడేవాళ్ల మధ్య ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఎల్క్ మన కణుజుకు దగ్గరి చుట్టం, దానికన్నా భారీ జంతువు. మగది 300 కిలోలు దాటుతుంది. అక్కడ లైసెన్సు తీసుకుంటే వేట చట్టబద్ధమే. ఎంత దూరం నుంచి కొట్టడం న్యాయం, 20 మీటర్లా, 40 మీటర్లా, 60 మీటర్లా అన్నదే వాళ్ల వాదన.

కాస్త లెక్క వేసి చూద్దాం. నేటి ఆధునిక విల్లు నుంచి బాణం సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుందాం. 40 మీటర్లు దాటడానికి దానికి అర సెకను కన్నా కొంచెం తక్కువ పడుతుంది. తీరిగ్గా మేస్తూ సెకనుకు మీటరు చొప్పున కదిలే జంతువు ఆలోపు దాదాపు అర మీటరు ముందుకు జరుగుతుంది. ఊపిరితిత్తులు, గుండె ఉన్న చోటు మనం అన్నం తినే కంచమంత. అక్కడికని వదిలిన బాణం కడుపులో దిగుతుంది. పొట్టలో బాణం దిగిన జంతువు వెంటనే చావదు, గంటల తరబడి నరకం అనుభవిస్తుంది.

పైగా వింటినారి చప్పుడు బాణం కన్నా నాలుగు రెట్లు వేగంగా పరుగెత్తుతుంది. 40 మీటర్ల దూరంలో బాణం కన్నా సెకనులో మూడో వంతు ముందే చెవికి చేరుతుంది. ఉలిక్కిపడిన జంతువు దూకడానికి ముందు ఒళ్లు కిందికి వంచుతుంది. బాణం వీపు మీదుగా పోతుంది, లేదా వీపులోనే దిగుతుంది.

దూరాన్ని కంటితో అంచనా వేయడంలో వచ్చే పొరపాటు మూడోది. 20 మీటర్లనుకుని గురి సర్దుకున్నచోట జంతువు నిజానికి 25 మీటర్ల దూరంలో ఉంటే బాణం ఎనిమిది సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. అదే ఐదు మీటర్ల పొరపాటు 40 దగ్గర జరిగితే తేడా 15 సెంటీమీటర్లు, అంటే కంచం అంచు దాటినట్టే. మైదానంలో 60 మీటర్ల నుంచి బొమ్మను కొట్టగలవాడు అడవిలో అంత దూరం నుంచి కొట్టకూడదనడానికి కారణం ఇదే. బొమ్మ కదలదు, వినదు, దానికి నొప్పి ఉండదు. దూరాన్ని నిర్ణయించాల్సింది విలుకాడి నేర్పు కాదు, బాణం ఎగిరే ఆ అర సెకనులో జంతువు చేయగలిగిన పనులు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఆ చట్టం దృష్టిలో పట్టుకోవడం కూడా వేటే. అందుకే అడవి జంతువుకు మత్తుసూది వేయాలన్నా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. చట్టం తెలిసిన అటవీ ఉద్యోగి, పశువైద్యుడు మత్తుసూది తుపాకీ ఎత్తిన క్షణంలో ఎల్క్ వేటగాడి ప్రశ్నే వాళ్ల ముందూ నిలబడుతుంది. ప్రాణం తీయడానికి కాదు, కాపాడడానికి. అందుకని లెక్క ఇంకా కఠినం.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవి గేదె. తెలుగులో అడవిదున్న అంటే చాలామందికి గౌర్ తలపుకొస్తుంది, ఇది అది కాదు. మన పెరటి గేదెకు పూర్వీకురాలు ఈ అడవి గేదె. అక్కడి ఉదంతి అడవుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలిన ఈ జాతికి కొత్త రక్తం కోసం అస్సాంలోని మానస్ నుంచి 2020లో ఒక జంటను రాయపూర్‌కు తూర్పున ఉన్న బార్నవాపారా అభయారణ్యానికి తెచ్చారు. ఇలాంటి జంతువును ఒక్కదాన్ని పోగొట్టుకున్నా ఆ నష్టం పూడ్చలేనిది.

తుపాకీతో వేసే ఆ మత్తుసూదినే డార్ట్ అంటారు. అది రెక్కలున్న సిరంజి. సూది పక్కన ఉన్న రంధ్రాన్ని చిన్న సిలికాన్ తొడుగు మూసి ఉంచుతుంది. సూది చర్మంలో దిగగానే తొడుగు వెనక్కి జరిగి, లోపల బిగించిన గాలి మందును కండలోకి తోస్తుంది. ఇది బాణం కన్నా నిదానం. సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళ్లే డార్ట్‌కు 20 మీటర్ల దగ్గర ఐదు మీటర్ల పొరపాటు జరిగితే తేడా పావు మీటరు. తొడ కండకని వేసింది మోకాలి వైపు పోతుంది. అందుకే లేజర్‌తో దూరం కొలిచి, దాన్నిబట్టి తుపాకీలో గ్యాస్ ఒత్తిడి సర్దుతారు.

బాణానికి లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. విలుకాడికి ఎంత దగ్గరైతే అంత మేలు. డార్ట్‌కు మరీ దగ్గర కూడా ప్రమాదమే. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 15 గ్రాముల డార్ట్ సెకనుకు 50 మీటర్ల వేగంతో తగిలితే 19 జౌళ్లు, 70 మీటర్లతో తగిలితే 37 జౌళ్లు. 40 మీటర్లకని నింపిన ఒత్తిడితో 10 మీటర్ల దూరంలోని జంతువును కొడితే కండ నలుగుతుంది, ఎముక విరగవచ్చు. సన్నటి జంతువైతే డార్ట్ మొత్తం ఒంట్లోకి దిగబడుతుంది.

తగిలాక కూడా దూరం లెక్క ముగియదు. సినిమాల్లోలా జంతువు అక్కడికక్కడే కూలదు. మందు పట్టడానికి నిమిషాలు పడుతుంది, ఆలోపు అది పరుగెడుతుంది. గేదె బెదిరితే నీళ్లవైపు వెళ్తుంది, మత్తులో మడుగులో పడితే మునిగిపోతుంది. అది నిలబడిన చోటు నుంచి నీటికి ఎంత దూరమో తుపాకీ ఎత్తేముందే చూసుకోవాలి. తరమడంతో అలసిపోయిన జంతువుకు మందు సరిగా పట్టదు, ఒంటి వేడి పెరుగుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో మత్తుసూది వేసే పని తెల్లవారుజామునే కానివ్వాలి. కొట్టకుండా వెనక్కి వచ్చిన రోజును విఫలమని రాయడం నాకు నచ్చదు. నా లెక్కలో అది ఆ బృందం బాగా పనిచేసిన రోజు.

పడిన గేదెను పక్కకు ఒరిగిపోనివ్వరు. నెమరువేసే జంతువు కాబట్టి కడుపు ఉబ్బకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, నోట్లోంచి చొంగ బయటికి కారేలా మూతి కిందికి వంచుతారు. కళ్లకు గుడ్డ కడతారు, ఒంటిమీద నీళ్లు పోస్తారు, ఊపిరి లెక్కపెడుతూ ఉంటారు. పెద్ద జంతువులకు వాడే ఎటార్ఫిన్ మార్ఫిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా తీవ్రమైనది. పొరపాటున మనిషికి గుచ్చుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దానికి విరుగుడు సిద్ధంగా పెట్టుకునే మందు సీసా తెరుస్తారు. పని అయ్యాక చెవి నరంలో ఆ విరుగుడు ఎక్కిస్తే గేదె రెండు మూడు నిమిషాల్లో లేచి నిలబడుతుంది. అది లేచేసరికి మనుషులందరూ బండి ఎక్కేసి ఉండాలి.