చీరల దుకాణం ఉత్తరానికి 102 కిలోబైట్లు

జీమెయిల్ ఒక ఉత్తరంలో 102 కిలోబైట్ల వరకే చూపిస్తుంది. అంతకు మించితే మిగతాది కత్తిరించేసి, మొత్తం చూడాలంటే ఇక్కడ నొక్కండి అని అడుగున ఒక చిన్న లంకె పెడుతుంది. దాన్ని నొక్కే ఓపిక ఎంతమందికి ఉంటుంది? దుకాణం చిరునామా, ఫోన్ నంబరు, 'ఇక మెయిళ్లు వద్దు' అనే లంకె మామూలుగా చివర్లోనే ఉంటాయి కాబట్టి కోత ముందుగా పడేది వాటికే. ఈ 102లో ఫొటోల బరువు కలవదు. ఉత్తరంలోని అక్షరాలు, వాటిని అమర్చే కోడ్, ఈ రెండే లెక్క.

మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం ఉందనుకుందాం. హైదరాబాద్, బెంగళూరు, న్యూజెర్సీ కలిపి 800 మంది ఖాతాదారుల ఈమెయిళ్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. నెలకో ఉత్తరం పంపాలని వాళ్ల ఆలోచన. ప్రతిసారీ మొదటి నుంచి తయారుచేస్తే ఒక పూట గడిచిపోతుంది. శ్రావణానికి ముందు, దసరాకు ముందు, సంక్రాంతికి ముందు, అంటే ఉత్తరం నిజంగా అవసరమైన నెలల్లోనే, ఆ పూట దొరకదు. అందుకే మళ్లీ మళ్లీ వాడుకునే టెంప్లేట్ కావాలి. మగ్గం మీద పడుగు ఒకసారి ఎక్కిస్తే వరసగా కొన్ని చీరలు నేయవచ్చు, పేక రంగు మార్చుకుంటే చాలు. టెంప్లేట్‌లోనూ ఏది పడుగో, ఏది పేకో మొదటి రోజే తేల్చుకోవాలి. రంగులు, ఫాంట్లు ఎంచుకోవడం ఆ తర్వాతి పని.

ఈ దుకాణానికి నేనైతే ఐదు చోట్లే మార్చనిస్తాను: సబ్జెక్టు, ఇన్‌బాక్స్‌లో దాని పక్కన కనిపించే చిన్న వాక్యం, అరవై పదాలకు మించని ఒక పేరా, మూడు చీరల ఫొటోలు (పేరు, ధరతో సహా), ఒక బటన్. పైన ఉండే దుకాణం పేరు, రంగులు, అక్షరాల పరిమాణం, కింది చిరునామా ఎవరూ ముట్టుకోకూడదు. సబ్జెక్టు ఫోన్‌లో 30, 40 అక్షరాలకు మించి కనపడదు. 'నమస్కారం, మా దుకాణం నుంచి' అని మొదలుపెడితే ఆ చోటంతా పలకరింపుకే సరిపోతుంది. చీర పేరుతో మొదలుపెట్టాలి.

ఇప్పుడు వెడల్పు. ఈమెయిళ్లను 600 పిక్సెళ్ల వెడల్పుతో తయారుచేయడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. కంప్యూటర్‌లో అది హాయిగా ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల తెర మాత్రం 360 పిక్సెళ్ల లెక్కన పనిచేస్తుంది. 600కి బిగించేసిన ఉత్తరాన్ని 360లో ఇరికిస్తే అంతా 60 శాతానికి కుంచించుకుపోతుంది. 16 పిక్సెళ్ల అక్షరం 9.6 అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాన్ని ఆ పరిమాణంలో ఎలాగో చదవొచ్చేమో గానీ, కింద వత్తు, పైన గుడి ఉన్న తెలుగు అక్షరాన్ని చదవలేం. కాబట్టి 600 అన్నది గరిష్ఠ వెడల్పుగా ఉండాలి తప్ప స్థిరమైన వెడల్పు కాకూడదు. రెండు నిలువు వరసలూ వద్దు. 360ని రెండుగా చీల్చి అంచులు తీసేస్తే ఒక్కో వరసకు 150 మిగులుతుంది. 'చేనేతకారులకు' అనే ఒక్క మాటే ఆ వరసలో చాలా చోటు ఆక్రమిస్తుంది. ఒకే నిలువు వరస, ఎడమవైపు సర్దిన అక్షరాలు, 16 లేదా 17 పిక్సెళ్ల పరిమాణం, పంక్తికీ పంక్తికీ మధ్య అక్షరం ఎత్తుకు 1.6 నుంచి 1.8 రెట్ల దూరం. తెలుగుకు ఇది తప్పనిసరి అంటాను. రెండు అంచులూ సమంగా ఉండేలా సర్దితే మన పొడవాటి మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి.

విండోస్‌లోని పాత ఔట్‌లుక్ 2007 నుంచీ ఉత్తరాలను వర్డ్ ఇంజిన్‌తోనే చూపిస్తోంది. గరిష్ఠ వెడల్పు అనే మాట దానికి అర్థం కాదు. ఆ ఒక్కదాని కోసం టెంప్లేట్ చట్రాన్ని టేబుళ్లతో కట్టి, 600 అని విడిగా చెప్పాలి. అమెరికాలో కంపెనీ కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ చూసే ఖాతాదారులు ఉన్న దుకాణానికి ఈ శ్రమ దండగ కాదు.

చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది పోస్టర్ దగ్గర. పండగ ఆఫర్ పోస్టర్‌ను డీటీపీ సెంటర్‌లో చేయిస్తారు, వాట్సాప్‌లో పంపిస్తారు, అదే బొమ్మను ఈమెయిల్‌లో అతికించి పని అయిందనుకుంటారు. పాత ఔట్‌లుక్ మామూలుగా బొమ్మలను ఆపేసి ఖాళీ గడి చూపిస్తుంది. 600కి చేసిన పోస్టర్ ఫోన్‌లో 60 శాతానికి తగ్గితే అందులోని అక్షరాలూ తగ్గుతాయి, ఫోన్‌లో అక్షరాల పరిమాణం పెంచుకున్నా అవి పెరగవు. చూపు లేనివాళ్ల ఫోన్ దాన్ని సరిగ్గా చదివి వినిపిస్తుందన్న భరోసా లేదు. ఆర్నెల్ల తర్వాత ఎవరైనా 'నిజాం అంచు' అని వెతికితే ఆ ఉత్తరం దొరకదు. పోనీ పోస్టర్ అసలు ఫైల్‌లోని మాటల్ని కాపీ చేద్దామంటే, అవి డీటీపీలో వాడే 'అను' ఫాంట్లలో ఉంటే ఇంకో చిక్కు. అక్కడ కోడ్ ఇంగ్లిష్ అక్షరాలది, రూపం మాత్రం తెలుగుది. ఆ ఫాంట్ లేని చోట అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. మాటలు యూనికోడ్‌లో టైపు చేసి ఉండాలి. ఇందులో రాజీ లేదు.

యూనికోడ్ తెలుగు బరువు ఎక్కువని కొందరు భయపెడతారు. లెక్క చూద్దాం. ఇంగ్లిష్‌లో రాసిన మంగళగిరి 11 బైట్లు. తెలుగులో రాస్తే గుణింతపు గుర్తులు, సున్నతో కలిపి 8 కోడ్‌లు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 24. కొన్ని ఎడిటర్లు తెలుగును అంకెల కోడ్‌గా మార్చేస్తాయి. అప్పుడు ఒక్కో గుర్తుకు 7 చొప్పున 56. సరే, 2,500 గుర్తులున్న ఉత్తరం తీసుకుంటే మామూలుగా 7.5 కిలోబైట్లు, అంకెల కోడ్‌లో 17.5. రెండూ 102కి చాలా దూరం. హద్దు దాటించేది వర్డ్ ఫైల్ నుంచి నేరుగా తెచ్చి అతికించడం. ప్రతి పేరాతోపాటు కంటికి కనపడని అలంకరణ కోడ్ దండిగా వచ్చి చేరుతుంది. అతికించేటప్పుడు ఫార్మాటింగ్ లేకుండా అతికించాలి.

ఫొటోల సంగతి వేరు. ఫోన్‌తో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో మూడు నాలుగు మెగాబైట్లు ఉంటుంది. 600 వెడల్పులో చూపించే ఫొటోకు, నాణ్యమైన తెరల కోసం రెట్టింపు వేసుకున్నా, 1,200 పిక్సెళ్లు చాలు. జేపెగ్‌లో ఒక్కోటి 150 కిలోబైట్లలోపు ఉంచితే మూడూ కలిపి 450. ప్రతి ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్‌గా 'ఆకుపచ్చ నూలు చీర, జరీ అంచు' లాంటి మాటలు రాయాలి. బొమ్మ రాకపోతే ఆ మాటలే చీరను చూపిస్తాయి.

రంగుల గురించి ఒక్క మాట. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. జరీ రంగును (ఎరుపు 212, ఆకుపచ్చ 175, నీలం 55) తెలుపు మీద పెడితే వచ్చేది 2.1 మాత్రమే. అదే రంగు ముదురు మెరూన్ మీద 5.2. జరీ అక్షరాలు కావాలంటే మెరూన్ పట్టీ మీదే రాయాలి. ఇక బటన్ ఎత్తు 48 పిక్సెళ్లు ఉంటే వేలికి అందుతుంది. యాపిల్ చెప్పే కనిష్ఠం 44, గూగుల్ చెప్పేది 48.

గత నెల ఉత్తరాన్ని తెరిచి మార్చుకునే అలవాటు వెంటనే మానాలి. జులైలో 1,850 ఉన్న చీర ధర ఆగస్టు ఉత్తరంలోకి అలాగే వెళ్లిపోయేది ఇలాగే. ఎప్పుడూ అసలు టెంప్లేట్ నుంచే కొత్త కాపీ తీయాలి. అందులో ధర ఉండే చోట 'ధర రాయండి' అని ఎర్రగా ఉండాలి, మర్చిపోతే కంట్లో పడేలా. ఖాతాదారు పేరు దానంతటదే చేరే చోటా ఒక జాగ్రత్త ఉంది. జాబితాలో పేరు లేని వ్యక్తికి వట్టి 'గారూ' అని వెళ్తుంది. పేరు లేకపోతే 'నమస్కారం' అని పడేలా ముందే ఏర్పాటు చేయాలి.

మామూలు జీమెయిల్ ఖాతాతో రోజుకు 500 మందికి మించి పంపలేం. కాబట్టి 800 మందికి పంపేవాళ్లకు ఈమెయిల్ సర్వీసు, సొంత డొమైన్ అవసరం. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లకు పూర్తి నిబంధనలు వర్తిస్తాయి గానీ, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదన్నది చిన్నవాళ్లకూ వర్తిస్తుంది. 800 మందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితే 0.375 శాతం. అందుకే 'ఇక వద్దు' లంకెను దాచిపెట్టడం మన మెడకే చుట్టుకుంటుంది. అది దొరకని మనిషి స్పామ్ బటన్ నొక్కుతాడు. అమెరికా చట్టం ప్రకారం వాణిజ్య మెయిల్‌లో పోస్టల్ చిరునామా ఉండాలి, వద్దన్నవాళ్లను 10 పనిదినాల్లో తీసేయాలి. మన 2023 డేటా రక్షణ చట్టమూ సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో ఉపసంహరించుకోవడం అంతే తేలికగా ఉండాలంటుంది. చిరునామా, 'ఇక వద్దు' లంకె, ఈ రెండు వరసలూ టెంప్లేట్ అడుగున శాశ్వతంగా ఉండాల్సినవే.

ఎంతమంది తెరిచారన్న అంకెను మాత్రం నమ్ముకోవద్దు. 2021లో ఐఫోన్లలో వచ్చిన గోప్యతా మార్పు వల్ల మెయిల్ యాప్ బొమ్మలను ముందే దించేసుకుంటుంది, చదవని ఉత్తరమూ చదివినట్టే లెక్కలోకి వస్తుంది. బటన్ ఎంతమంది నొక్కారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎంతమంది తిరిగి జవాబు రాశారు, ఇవి లెక్కపెట్టండి. మొదటి ఉత్తరం 800 మందికీ పంపే ముందు ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌కు, ఒక ఐఫోన్‌కు, ఔట్‌లుక్ ఉన్న ఒక కంప్యూటర్‌కు పంపి, మూడు చోట్లా చివరి వరస దాకా చదివి చూడండి.