మంచుబాటపై స్పోర్ట్సు కారు

వేగమునకై నిర్మించిన స్పోర్ట్సు కారును స్వీడన్ వంటి మంచుదేశమున నిత్యము నడుపవచ్చునా యని విద్యార్థులు మమ్ము అడిగిరి. నడుపవచ్చును, కాని టైర్లు మార్చవలయును. వేసవి టైరులోని రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన బిరుసెక్కి పట్టు తప్పును. శీతకాలపు టైరు రబ్బరు మెత్తనిది. దానిపైనున్న సన్నని చీలికలు మంచును పట్టుకొనును. కావుననే స్వీడన్‌లో డిసెంబరు 1 నుండి మార్చి 31 వరకు, బాటపై మంచు ఉన్నప్పుడు, అట్టి టైర్లు చట్టరీత్యా తప్పనిసరి.

నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందు కారు మంచులో సులభముగా కదలును. అంతమాత్రమున త్వరగా ఆగదు. ఆగుట టైరు పట్టుపై ఆధారపడును. అడుగుభాగము నేలకు దగ్గరగా నుండుటచే మంచుకుప్పలకు తగులును. మంచు కరగుటకు చల్లు ఉప్పు ఉక్కును తుప్పు పట్టించును గాన, దానిని తరచుగా కడుగవలయును.

బాలబాలికలారా, మేము చెప్పునది ఇదియే: వాహనమేదైనను, అది ఎంత వేగముగా పోగలదని కాక, ఎంత దూరములో ఆగగలదని ముందుగా అడుగుడు. ప్రాణరక్షణ అందే యున్నది.