ఇసుక ఎలుక, ఉప్పు పొద: ఎడారి మొక్కల్లో మధుమేహ ఔషధాల అన్వేషణ

ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల్లోని చవిటి నేలల్లో ఎట్రిప్లెక్స్ హాలిమస్ అనే ఉప్పు పొద పెరుగుతుంది. దాని ఆకుల వంటి రసభరితమైన ఆకులపై బతికే ఇసుక ఎలుక మధుమేహ పరిశోధనలోకి అనుకోకుండా ప్రవేశించింది. ఆ ఆకుల్లోని అంత ఉప్పును ఎలుక మూత్రపిండాలు ఎలా తట్టుకుంటాయో తెలుసుకోవాలని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో క్నుట్ ష్మిట్-నీల్సన్ బృందం ఈజిప్టు నుంచి ఆ ఎలుకలను తెప్పించి, ప్రయోగశాల ఎలుకలకు వేసే గుళికల మేతనే వాటికీ వేయగా, వాటి రక్తంలో చక్కెర పెరిగింది, కళ్లకు శుక్లాలు కమ్మాయి. పచ్చి కూరగాయలు తిన్నవి మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాయి. 1964లో ఈ ఫలితం వెలువడింది.

ఉప్పు పొదలోనే మందు ఉందేమోనన్న ఊహ దీనితో బలపడింది. 1969లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు ఆ ఆకులకు రక్తంలోని చక్కెరను తగ్గించే గుణం ఉందని ప్రకటించగా, ఆకుల బూడిద ఇన్సులిన్ పనికి తోడ్పడుతుందా అన్న పరిశీలన కూడా కొన్నేళ్లకు జరిగింది. అయితే ఆ ఆకుల్లో నీరు, ఉప్పు ఎక్కువ, శక్తి తక్కువ. అరకొర తిండికి తరతరాలుగా అలవాటుపడిన శరీరానికి బలమైన మేత దొరికితే, మందేదీ కరవవకపోయినా జబ్బు రావచ్చు. తిండి మారినందువల్ల వచ్చిన జబ్బుకు, తినడం మానిన మొక్కే మందు కావాలన్న నియమమేమీ లేదు. పైగా ఇసుక ఎలుక ఆకును ఉన్నదున్నట్లు తినదు. ఉప్పు పేరుకున్న పైపొరను పళ్లతో గీకి పారేసి లోపలి కండనే తింటుంది కనుక, ఆకు మొత్తాన్ని నూరి తీసిన సారం, ఎలుక తినే ఆహారం ఒకటి కావు.

ఎడారి మొక్కలపై ఆసక్తికి కారణం మాత్రం సబబైనదే. తీవ్రమైన ఎండ, నీటి ఎద్దడి, నేలలోని లవణం, మేసే జంతువులు అన్నిటినీ కదలకుండానే ఎదుర్కోవలసిన మొక్క ఫ్లేవనాయిడ్లు, టెర్పీన్లు వంటి రక్షక రసాయనాలను తయారుచేసుకుంటుంది. ఎండబెట్టి పొడిచేసిన మొక్కను నీటిలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి, వడకట్టి, ద్రవాన్ని ఆవిరి చేయగా మిగిలేదే సారం. దానిని ఇన్సులిన్ స్రవించే క్లోమంలోని బీటా కణాలపైనా, రక్తంలోని గ్లూకోజ్‌ను లోపలికి తీసుకునే కండర, కొవ్వు కణాలపైనా మొదట పరీక్షిస్తారు. జోర్డాన్ సంప్రదాయ వైద్యంలో మధుమేహానికి వాడే కిలియాడెనస్ ఐఫియోనాయిడిస్ సారం ఈ మూడు రకాల కణాలపైనా పనిచేసిందనీ, మధుమేహం వచ్చిన ఇసుక ఎలుకల్లో చక్కెరను తగ్గించిందనీ 2011లో ప్రచురితమైన ఇజ్రాయెల్ అధ్యయనం తెలిపింది. కాని గిన్నెలోని కణాలకు నేరుగా తగిలే సారం, మింగిన మనిషి పేగులను, కాలేయాన్ని దాటి రక్తంలోకి అంతే మోతాదులో చేరుతుందన్న హామీ లేదు.

మనుషులపై పరీక్షల దాకా వచ్చిన కొద్దిపాటి మొక్కల్లో, తెలుగు నేలపైనా కనిపించే చేదుపుచ్చ ఒకటి. ఇరాన్‌లో 50 మంది టైప్ 2 రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల చొప్పున పండు పొడి గుళికలనూ, రెండో జట్టుకు మందులేని ఉత్తుత్తి గుళికలనూ రెండు నెలలపాటు ఇచ్చిన పరీక్షలో, మొదటి జట్టువారికి పరగడుపు చక్కెరతోపాటు మూడు నెలల సగటును సూచించే హెచ్‌బీఏ1సీ కూడా తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. అయితే ఆ పండు సహజంగా తీవ్ర విరేచనకారి, మోతాదు మించితే పేగులు పుండుపడి నెత్తుటి విరేచనాలు అవుతాయి. ఒకే జాతి మొక్కలోనైనా నేలను బట్టి, రుతువును బట్టి రసాయనాల పాలు మారుతుంది కనుక, గుళికలో 100 మిల్లీగ్రాముల పొడి ఉందన్న సంగతి అందులో పనిచేసే పదార్థం ఎంతో చెప్పదు.